చెరువు గట్టున ఒక గంట

పక్షుల్ని చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది చూడకుండానే తిరిగొస్తారు. అక్కడ పక్షులు లేక కాదు. జనవరిలో ఏదో ఒక ఆదివారం పొద్దున నేలపట్టు వెళ్లి, వాచ్‌టవర్ మీద ఓ పక్కగా కాసేపు నిలబడండి, మీకే తెలుస్తుంది. కార్లు ఆగుతాయి, జనం టవరెక్కుతారు. ఎదురుగా చెరువు, నీళ్లలో నీటికడప చెట్లు, చెట్ల నిండా గూడబాతులు. "అబ్బ, ఎన్నున్నాయో!" అంటారు. వెంటనే పక్షులకు వీపు తిప్పి ఫొటో దిగుతారు. వెంట వచ్చిన పిల్లవాడు అడుగుతాడు.

"నాన్నా, అవేం పక్షులు?"

"ఫారిన్ పక్షులు కన్నా. సైబీరియా నుంచి వస్తాయి."

"ఎందుకొస్తాయి?"

"గుడ్లు పెట్టుకోడానికి. పద పద, ఫ్లెమింగోల దగ్గరికి పోదాం."

ఐదు నిమిషాల్లో టవర్ ఖాళీ అవుతుంది.

ఆదివారం పొద్దున్నే పిల్లల్ని నిద్ర లేపి అంత దూరం తీసుకొచ్చిన తండ్రిని నేను గౌరవిస్తాను. ఆయన చెప్పింది కూడా సొంతంగా కల్పించింది కాదు, అందరూ అనేదే. అయితే ఆ జవాబు రాగానే పిల్లవాడి చూపు ఆగిపోయింది. తెలియాల్సింది తెలిసిపోయిందనుకున్నాడు. చెట్టు మీద ఏం జరుగుతోందో ఇద్దరూ చూడలేదు.

చూసి ఉంటే సైబీరియా సంగతి వాళ్లకే తేలిపోయేది. ఉత్తరాది మంచు దేశాల నుంచి వచ్చే పక్షులు మన దగ్గరికి గూళ్లు కట్టుకోడానికి రావు. అక్కడ చలికి నీళ్లు గడ్డకట్టి తిండి దొరకనప్పుడు, ఇక్కడ తిని బతకడానికి వస్తాయి. ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్లి, అక్కడి వేసవిలో గుడ్లు పెడతాయి. అంటే చలికాలంలో మన చెరువు మీద ఒక పక్షి పుల్ల ముక్కున పెట్టుకుని గూడు కడుతోందంటే, గూట్లో పిల్లలు నోరు తెరుచుకుని అరుస్తున్నాయంటే, అది మన పక్షే. గూడబాతు దక్షిణ భారతంలో, శ్రీలంకలో, కాంబోడియాలో గూళ్లు కట్టుకునే పక్షి. ఎర్రకాళ్ల కొంగదీ ఇదే కథ. నీళ్లనూ చేపలనూ వెతుక్కుంటూ ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తిరుగుతుంటాయి. ఇంత సంగతి ఏ పుస్తకం లేకుండా, ఒక గూటివైపు నిలకడగా చూస్తే పదేళ్ల పిల్లవాడికి అర్థమవుతుంది.

ఈ అధ్యాయంలో నేను మిమ్మల్ని అడిగేది ఒక గంట. నీళ్ల పక్కన ఒక గంట కూర్చుని, "ఇదేంటి" అనే ప్రశ్నను పక్కనపెట్టి, "ఇది ఏం చేస్తోంది" అని చూడటం. పేరు తర్వాత తెలుసుకోవచ్చు. ముందే పేరు తగిలించేస్తే మన కన్ను ఇంక పనిచేయదు.

ముందు ఎక్కడికి, ఎప్పుడు అన్నది. నేను నేలపట్టు, పులికాట్ చుట్టుపక్కల గురించే ఎక్కువగా చెబుతాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అంతకంటే మంచి బడి మనకు లేదని నా నమ్మకం. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు, అక్కడి నుంచి దక్షిణాన సూళ్లూరుపేట. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. చిలకా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఒకే పూటలో మంచినీటి చెరువునూ ఉప్పునీటి బురదనూ చూడొచ్చు. రెండుచోట్లా పక్షులు వేరు, వాటి బతుకు తీరు వేరు.

అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. కాకపోతే క్యాలెండర్‌ను మాత్రమే నమ్ముకోవద్దు. పులికాట్‌కు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు నీళ్లు తెస్తాయి. ఆ నదులు పారేది ఈశాన్య రుతుపవనాల వానలకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు బాగా పడితే సరస్సులో ఉప్పు పలచబడి తిండి పెరుగుతుంది, నేలపట్టు చెరువు నిండి చెట్ల మొదళ్ల చుట్టూ నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లే గూళ్లకు కాపలా. నక్కలూ పిల్లులూ అంత తేలిగ్గా గూళ్ల దగ్గరికి రాలేవు. వానలు మొండికేసిన ఏడాది పక్షులు వేరే చోటు చూసుకుంటాయి. అందుకే బయల్దేరే ముందు ఆ వైపు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, "చెరువులో నీళ్లున్నాయా?" అని అడగండి. పక్షులున్నాయా అని అడగడం కంటే ఇదే సరైన ప్రశ్న.

సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ సమయంలో ఊరంతా సందడిగా ఉంటుంది. పిల్లలకు అది మంచి పరిచయం. నేర్చుకోవడానికైతే ఆ రోజులు వదిలేసి, మామూలు పనిదినం ఒకటి సెలవు పెట్టి వెళ్లండి. తెల్లవారేసరికి గట్టు మీద ఉండాలి. సూర్యుడొచ్చిన మొదటి రెండు గంటల్లో జరిగేది మిగతా పగలంతా జరగదు. సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని నిలబడండి. ఎదురెండలో ఏ పక్షైనా నల్లని నీడలా కనిపిస్తుంది. బట్టలు మట్టిరంగువో, ఆకు ముదిరిన పచ్చరంగువో వేసుకోండి. తెల్లచొక్కా, మెరిసే చున్నీ దూరం నుంచే మిమ్మల్ని పట్టిస్తాయి. సెంటు, ఫోన్ రింగు, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు, ఇవేవీ వద్దు.

బైనాక్యులర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది వేలు పోసి కొని, సరిచేసుకోవడం తెలియక అల్మారాలో పడేస్తారు. దాని మీద రెండు అంకెలుంటాయి. 8, 42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందు అద్దం 42 మిల్లీమీటర్లనీ అర్థం. మొదటిది పెరిగేకొద్దీ మంచిదనుకోవడం పొరపాటు. పది, పన్నెండు రెట్ల వాటిలో చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనిపించే మేర కుంచించుకుపోతుంది. కొత్తవాళ్లకు ఎనిమిదే చాలు. రెండో అంకె పెద్దదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది, పొద్దున్నే మసక వెలుగులో అది అక్కరకొస్తుంది.

సరిచేసుకునే పద్ధతి ఇది. ఎదురుగా కదలని వస్తువు ఒకటి చూసుకోండి, బోర్డు మీద అక్షరాలైతే మేలు. కుడివైపు అద్దాన్ని చేత్తో మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్యలో ఉన్న చక్రాన్ని అక్షరాలు స్పష్టమయ్యేదాకా తిప్పండి. ఇప్పుడు ఎడమవైపు మూసి, కుడికంటి దగ్గరుండే చిన్న రింగును మాత్రమే తిప్పండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంటే చాలు, అది మీ కళ్ల కొలత. ఇక ఎప్పుడూ మధ్య చక్రమే తిప్పుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పుకోవాలి. ఇంకొక మాట, బైనాక్యులర్ పెట్టుకుని పక్షి కోసం వెతకకూడదు. ఉత్త కంటితో పక్షిని పట్టుకుని, చూపు దాని మీదనుంచి తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. ఇంట్లో బాల్కనీలోంచి కాకుల మీద రోజూ సాధన చేస్తే వారంలో చెయ్యి అలవాటుపడుతుంది.

కెమెరా మాత్రం మొదటి సీజన్‌లో వద్దు. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. పెద్ద లెన్సు చేతిలో ఉంటే పక్షి కనబడగానే వేలు మీట మీదికి పోతుంది, మంచి ఫొటో వచ్చిందో లేదో చూసుకునేసరికి పక్షి చేసే పని అయిపోతుంది. ఇంటికెళ్లాక తెర మీద ఈకలన్నీ లెక్కపెట్టుకోవచ్చు గానీ, అది అప్పుడు ఏం చేసిందంటే చెప్పలేరు.

ఇప్పుడు గంట మొదలైంది. కూర్చున్నారు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. మీరు వచ్చారని చుట్టుపక్కల ప్రాణులన్నీ సద్దుమణిగి ఉంటాయి, మీ మనసేమో ఫోనువైపు లాగుతుంది. ఈ పది నిమిషాలు దాటడమే అసలు కష్టం. ఆ తర్వాత, మీరు పిట్ట కూడా లేదనుకున్న గట్టు అంచున, మట్టిరంగు ముద్ద ఒకటి మెడ సాగదీస్తుంది. అది గుడ్డికొంగ. ఇందాకటి నుంచీ అక్కడే ఉంది. పైకి లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి, మళ్లీ వాలగానే మట్టిలో కలిసిపోతుంది. కొంగజపం అని మనం తేలిగ్గా ఎగతాళి చేస్తాం గానీ, ఒక్క కప్ప కోసం అది నిలబడే తీరు దగ్గర్నుంచి చూస్తే ఆ ఎగతాళి మళ్లీ నోట రాదు.

ఒక్క పక్షిని ఎంచుకుని దాని మీదే ఉండండి. నత్తగుల్ల కొంగ దొరికితే మీ అదృష్టం. మూతి మూసుకున్నా పై ముక్కుకూ కింది ముక్కుకూ మధ్య సందు కనిపిస్తుంది. మొదట చూసినవాళ్లు దెబ్బ తగిలిందనుకుంటారు. అది నత్తను పట్టుకున్నాక చూడండి. గుల్లను పగలగొట్టదు. నీళ్ల అడుగున నొక్కిపట్టి, కింది ముక్కు కొసను మూత సందులోంచి లోపలికి పోనిచ్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండను తెంపుతుంది. తల అటూ ఇటూ కదుపుతుంది, ఒక్కసారి పైకెత్తి మింగుతుంది. గుల్ల చాలాసార్లు చెక్కుచెదరకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. గుంపులో కొన్నిటికి ఆ సందు ఉండదు. అవి వేరే జాతి అని రాసేసుకోకండి. ఈ కొంగ పిల్లలు మామూలు మూతితోనే పుడతాయి, సందు పెరిగి పెద్దయ్యాక వస్తుంది.

ఎర్రకాళ్ల కొంగ వేట ఇంకోలా ఉంటుంది. అది చేపను కళ్లతో వెతకదు. ముక్కు కాస్త తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కాలితో బురద కెలుకుతుంది. బెదిరిన చేప ముక్కుకు తగలగానే మూసేస్తుంది. నీళ్లు బురదగా ఉన్నా దానికి దిగులు లేదు. తెల్లకొంగల్లో చిన్నదాన్ని చూడండి. నల్లకాళ్లు, పచ్చటి పాదాలు. ఆ పాదాన్ని బురదలో వణికిస్తుంది, లోపలి పురుగులూ చేపపిల్లలూ బయటపడగానే పొడుస్తుంది. ఇది మాత్రం కళ్లతోనే వేటాడుతుంది.

మధ్యాహ్నం ఎండలో గూళ్లవైపు చూస్తే మరో ముచ్చట. ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున నిలబడి రెక్కలు విప్పి పట్టుకుంటుంది. ఎగరడానికి కాదు, ఈకలింకా సరిగ్గా రాని పిల్లల మీద నీడ పడాలని. సూర్యుడు జరిగేకొద్దీ అదీ జరుగుతుంది. దాని కాళ్లు ఎర్రగా కాక సున్నం పూసినట్టు ఉంటే, వేడి తగ్గించుకోవడానికి తన కాళ్ల మీద తానే రెట్ట వేసుకుందని అర్థం. ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. పక్కచెట్టు మీద గూడబాతు చేపలతో వచ్చి వాలుతుంది, పిల్ల తలంతా తల్లి గొంతులోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూస్తే పిల్లను మింగేస్తోందేమోనని కంగారుపడతాం.

పులికాట్ బురదమేటల దగ్గర ఈ పాఠం ఇంకా పెద్దదవుతుంది. ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి తోస్తుంటాయి. ముక్కు అంచుల్లోని సన్నని పళ్లచాళ్లలో నాచూ చిన్నచిన్న జీవులూ చిక్కుతాయి. గులాబీ రంగు ఆ తిండిలోంచి వచ్చేదే. గుంపులో బూడిదరంగులో ఉన్నవి పిల్లలు, వాటికింకా రంగు రాలేదు. ఫ్లెమింగోలు కూడా సైబీరియావి కావు, మన దేశంలో వీటి పెద్ద పురుళ్ల ఊరు గుజరాత్‌లోని కచ్ రణ్. నిజంగా ఉత్తరాన్నుంచి వచ్చేవి కావాలంటే సూదితోక బాతుల్ని చూడండి, పొడుగు ముక్కుతో బురదలోకి గుచ్చుతూ నడిచే గాడ్‌విట్‌లను చూడండి. వాటి పక్కనే పొట్టి ముక్కు ఉల్లంకులు పరుగెత్తి ఆగి, పైపైన కనబడిన పురుగును ఏరుకుంటాయి. ఒకే బురద, లోతు లోతుకూ ఒక ముక్కు. ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు కాబట్టే అన్ని వేల పక్షులకు ఆ కాస్త మేరలో తిండి సరిపోతోంది. సరస్సు సముద్రంతో కలిసే మూతి పూడిపోయినా, నీటిలోతు మారినా, ముందు దెబ్బతినేది ఈ సర్దుబాటు.

శ్రీహరికోట రోడ్డు మీద ఒక జాగ్రత్త. వాహనాలు వేగంగా పోతుంటాయి. రోడ్డు వారగా చోటు చూసుకుని బండి ఆపండి, పిల్లల్ని సరస్సువైపే దించండి. అటకానితిప్ప దగ్గర ఆగి చూడటం తేలిక.

కళ్లకు పని చెప్పినట్టే చెవులకూ చెప్పాలి. తీతువు అరిస్తే అపశకునమని మన పల్లెల్లో ఎంతోమంది నమ్ముతారు. రాత్రిపూట ఆ అరుపు వింటే ఇంట్లో పెద్దవాళ్లు గుండె చిక్కబట్టుకునేవారు. గట్టు మీద అది అరిచినప్పుడు భయపడకుండా మీ చుట్టూ చూడండి. తీతువు నేల మీదే, గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. రాళ్ల రంగులోనే ఉండే గుడ్లు. ఎవరైనా అటువైపు వస్తే తల మీదికి దూసుకొచ్చి గోల చేస్తుంది. అది పిలుస్తున్నది చావును కాదు, తన గుడ్ల దగ్గర్నుంచి మిమ్మల్ని పొమ్మంటోంది. అరుపు పెరుగుతోందంటే మీరు గూటి దగ్గరికి వెళుతున్నారు. వెంటనే ఆగి, కాళ్ల కింద చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

ఎంత దూరంలో ఉండాలని అందరూ అడుగుతారు. మీటర్లలో చెప్పే జవాబు నా దగ్గర లేదు, పక్షే చెబుతుంది. మేస్తున్నది తల ఎత్తి మీవైపు చూసిందంటే ఒక హెచ్చరిక. మేత మానేసి అడుగులు వేస్తోందంటే మీరు గీత దాటారు. ఎగిరిందంటే దాని పొద్దుటి తిండి చెడగొట్టారు. గూట్లోంచి ఎగిరితే ఇంకా ఘోరం. మీరు ఫొటో తీసుకునే ఆ నాలుగు నిమిషాల్లో గుడ్లకు ఎండ తగులుతుంది, కాకి వస్తుంది. ఫోన్లో పక్షి కూతలు వేసి పిలవడం, ఎగిరే గుంపు కోసం చప్పట్లు కొట్టడం, డ్రోన్ ఎగరేయడం, ఇవి చేసేవాళ్లను చూస్తే నాకు బాధా కోపమూ రెండూ వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గూళ్లు పాడుచేయడం, గుడ్లు తీయడం నేరమే. కానీ చట్టం దాకా ఎందుకు? మనం చూడ్డానికి వెళ్లింది ఆ గూటినే కదా.

అక్కడి మనుషుల్ని అడగడం నేర్చుకోండి. జాలరులు, పశువుల కాపరులు, యానాదులు, అటవీ శాఖ వాచర్లు, వీళ్లకు తెలిసినంత మీ పుస్తకంలో ఉండదు. "అన్నా, ఈ ఏడు పక్షులు ఎప్పుడు దిగాయి? పోయినేటికంటే ఎక్కువా తక్కువా?" అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. చెరువు కింద రైతులను అడిగితే, పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పారిన మడిలో పైరు బలంగా వస్తుందని చెబుతారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటి రాక ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. ఇక కలివికోడి కథ చూడండి. 1848లో పక్షి పరిశోధకుడు జెర్డాన్ లోకానికి తెలియజేసిన ఆ పక్షి, అంతరించిపోయిందనుకున్న చాలా ఏళ్లకు, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వెతుకుతుంటే, దాన్ని పట్టి తెచ్చింది స్థానిక వేటగాడు ఒకాయన. ఆయన ఆ పొదల మధ్య రాత్రిళ్లు తిరిగినవాడు, ఏ చప్పుడు దేనిదో ఎరిగినవాడు.

పక్షులే కాదు, బురద కూడా చదవాలి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ ఆటుపోట్లలో నీరు దిగినప్పుడు కిందికి చూడండి. ఒక చెయ్యి పెద్దగా ఉన్న ఎండ్రకాయలు దాన్ని ఊపుతుంటాయి, బురదలో చేపలు గెంతుతుంటాయి. నీటికుక్కలూ, చేపల్ని వేటాడే బావురుపిల్లీ ఆ అడవిలో ఉన్నాయి. బావురుపిల్లి పగలు కనబడటం అరుదు. గోళ్లగుర్తు లేని గుండ్రటి పాదముద్ర బురదలో ఉంటే పిల్లి జాతిది, గోళ్లు పడి ఉంటే చాలావరకు నక్కదో కుక్కదో. చేప పొలుసులు నిండిన మలం ఒకేచోట పదేపదే కనబడితే అక్కడికి నీటికుక్కలు వచ్చిపోతున్నాయని. జంతువు కనబడకపోయినా అది రాత్రి ఎటు వెళ్లిందో తెలుసుకోవడంలో ఎంత ఆనందం ఉందో ఒకసారి అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఇది వ్యక్తిత్వ వికాసం పుస్తకం కాబట్టి, కొంగలకూ మన జీవితానికీ సంబంధమేంటని మీరు అడగొచ్చు. నాకు కనిపించే సంబంధం ఇది. మనం రోజంతా మనుషులకు పేర్లు తగిలిస్తూ బతుకుతాం. మా అబ్బాయి మొండివాడు, మా అత్తగారు గయ్యాళి, ఆఫీసులో ఆ కొత్తబ్బాయి బద్ధకస్తుడు. తగిలించాక ఆ మనిషి ఏం చేసినా ఆ పేరులోంచే కనబడుతుంది. ఆ అబ్బాయి మధ్యాహ్నం పూటే ఎందుకు నీరసపడుతున్నాడో, మీ వాడు ఏ పనికి మొండికేస్తున్నాడో, ఏ పనికి పరుగెత్తుకొస్తున్నాడో చూడం. గూటి అంచున రెక్కలు విప్పిన కొంగను ఎగరబోతోందని అనేయకుండా, అరగంట చూసి పిల్లల కోసం నీడ పడుతోందని తెలుసుకున్నవాడికి, ఇంట్లో మనిషి విషయంలోనూ ఒక క్షణం ఆగడం అలవాటవుతుంది. ఆగడం అంటే మంచివాడైపోవడం కాదు. ఇంకొంచెం సమాచారం రానివ్వడం, అంతే. చెరువు గట్టున ఇది తేలిగ్గా వస్తుంది, ఎందుకంటే కొంగ మీద మనకు పాతకక్షలేవీ ఉండవు.

చూసింది రాసుకోవాలి. చిన్న నోటుపుస్తకం, పెన్సిల్. పెన్ను వద్దు, తడిస్తే సిరా చెదిరిపోతుంది. తేదీ, సమయం, చోటు, నీళ్లెంతున్నాయి, గాలి ఎటు వీస్తోంది. ఆ తర్వాత పక్షి. పరిమాణం తెలిసిన పక్షితో పోల్చి రాయండి, పిచ్చుకంత, గోరింకంత, కాకికంటే పెద్దది అని. ముక్కు పొడుగా పొట్టా, వంపు పైకా కిందికా. కాళ్ల రంగు. చివరగా, ఎక్కువ జాగా ఇచ్చి, అది చేసిన పని. బొమ్మ వెయ్యండి, గీతలు వంకరగా వచ్చినా పర్లేదు. గీయాలంటే మళ్లీ తలెత్తి చూడాలి, అదే కావలసింది. ఇదంతా అయ్యాకే పుస్తకం తెరవండి, పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ లాంటి యాప్ వాడండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1941లో వెలువరించిన భారతీయ పక్షుల పుస్తకం ఎన్నో తరాలకు దారి చూపింది. అంతకు పదేళ్ల ముందు, 1931, 32లలో, ఆయన హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పుడు ఎక్కడ ఏముండేదో ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే ఆ రాతల వల్లే.

కొల్లేరు కథ మన గుండెకు ఇంకా దగ్గరిది. 1946లో కె.కె. నీలకంఠన్ అక్కడ గూడబాతుల పెద్ద కాలనీని గుర్తించారు. ఇందుచూడన్ అనే కలం పేరుతో కేరళ పక్షుల మీద మలయాళంలో పేరుపొందిన పుస్తకం రాసింది ఆయనే. దాదాపు మూడు వేల పక్షులు అప్పుడు అక్కడ గూళ్లు కట్టుకుంటున్నాయి. 1974 ప్రాంతానికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. ఎవరూ చూడకపోయినా, చూసి రాయకపోయినా, మనం ఏం పోగొట్టుకున్నామో మనకే తెలిసేది కాదు. తర్వాత 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్‌లోకి ఎక్కింది, 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లు తెంపారు. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో, అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతున్నాయి. వెళ్లి చూడండి. చెట్టు లేకపోయినా ఒక ఆసరా దొరికితే చాలని అవి సర్దుకుంటున్న తీరు చూస్తే సంతోషమూ వేస్తుంది, దిగులూ వేస్తుంది.

అంత దూరం వెళ్లలేనివాళ్లు గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు చూడొచ్చు, ఊరిని ఆనుకునే ఉంటుంది. అదీ కుదరకపోతే మీ ఊరి చెరువే చాలు. మురికి కాలువ కలిసే చెరువైనా సరే, దాని అంచున ఒక నీటికాకి రెక్కలారబెట్టుకుంటూ ఉంటుంది, నడుమ ఒక బుడుబుంగ మునిగి ఎక్కడో తేలుతుంది. మునిగినప్పటి నుంచి తేలేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి, అదే మీ మొదటి పరిశీలన. నెలకొకసారి అదే చోట, అదే సమయానికి, ఒక గంట కూర్చోండి. కొత్త చోట్లు వెతుక్కోవడం కంటే ఒకే చోటు పన్నెండు నెలలు చూడటం ఎక్కువ నేర్పుతుంది.

ఒక ఏడాది గడిచాక మీ లెక్కల్ని నలుగురికీ ఉపయోగపడేలా చేయవచ్చు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు పెరటి పక్షుల గణన ఉంటుంది, మన దేశంలో 2013 నుంచి సాగుతోంది. దీనికి మీరు పండితులు కానక్కర్లేదు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట చూసి, కనబడినవాటిని లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెడితే చాలు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు డెక్కన్ బర్డర్స్ ఉంది. ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా 1980లో మొదలైన సంస్థే అది, వాళ్లతో కలిసి ఒకసారి నడవండి. జాబితా రాసేటప్పుడు గుడ్డికొంగను, నీటికాకిని, గోరింకను రోజూ ఉండేవే కదా అని వదిలేయకండి. అరుదైన పక్షి వస్తే రాసేవాళ్లు చాలామంది ఉంటారు. మామూలు పక్షి నిరుడు నలభై ఉండి ఈ ఏడు పాతికకు పడిపోయిందని చెప్పగలిగేది, ఆ చెరువు పక్కన ఉండే మీరొక్కరే.